కానివ్వండి

మా మామగారిని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. అందరికీ ఆయన ముక్కాయన. చూడటానికి అదేమంత గొప్ప ముక్కు కాదు, కొసన కాస్త ఎర్రగా ఉండే మామూలు ముక్కే. కానీ మా మాంసం కొట్టు ఇన్నేళ్లూ నడిచింది దానిమీదే. ట్రక్కులోంచి తొడలు దించి కొక్కేలకు తగిలించగానే ఆయన వంగి వాసన చూస్తారు. బాగుంటే "కానివ్వండి" అంటారు, కత్తులు లేస్తాయి. బాగోకపోతే "పనికిరాదు" అంటారు, ట్రక్కు వచ్చిన దారినే పోతుంది. ఆయన వద్దన్న సరుకు పక్క వీధి కొట్లో చవగ్గా కొనుక్కుని, ఇంటిల్లిపాదీ మంచం పట్టినవాళ్ల కథలు ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంట్లోనూ అదే తంతు. బల్ల దగ్గర అందరం కూర్చున్నాక, గిన్నె మూత తీసి ఆయన వాసన చూసి "కానివ్వండి" అనేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండేది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. "నేను వండింది నాకు తెలీదా, మధ్యలో ఈ పరీక్ష ఏమిటి?" అని మా ఆయన దగ్గర గొణిగేదాన్ని. "నాన్న ముక్కు సంగతి నీకు తెలీదులే" అనేవాడు మా ఆయన. తండ్రి ముక్కు మీద అతనికున్న నమ్మకం నా వంట మీద ఏనాడూ లేదు.

ఇక అత్తయ్య. కొట్లో తూకం, పొట్లాలు కట్టడం ఆవిడ పని. కానీ ట్రక్కు వచ్చిందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి మామయ్య ఎడమ పక్కన నిలబడేది. తిండి దగ్గరా అంతే, ఆయన ఎడమ పక్క కుర్చీ ఆవిడది. పొరపాటున నేను కూర్చుంటే లేపేసేది. ఈ వయసులో కూడా ఎడబాయని ప్రేమ చూడండి అని నేను వేళాకోళం చేస్తే నవ్వేది కాదు. ఆవిడకి గొంతు సవరించుకునే అలవాటొకటి ఉంది. ఉన్నట్టుండి "ఊఁహుఁ" అని చిన్నగా, పొడిగా సవరించుకునేది. మందు తెచ్చిపెట్టమంటారా అని చాలాసార్లు అడిగాను. అక్కర్లేదమ్మాయ్, దుమ్ము అనేది.

పెద్ద బజారులో అద్దాల షాపులు వచ్చాక మా కొట్టు నీరసపడింది. జనం మాంసాన్ని కూడా బిస్కెట్ పాకెట్ కొన్నట్టు కొనడం నేర్చారు. అప్పుడు మా ఆయన, మాంసాన్ని మందపాటి ముక్కలుగా కాల్చి వడ్డించే ఒక స్టేక్ హోటలు వెంట పడ్డాడు. ఊళ్లోకెల్లా ఎత్తయిన భవనం పైఅంతస్తులో ఉంటుంది. కార్లున్నవాళ్లు, కార్లున్నట్టు కనిపించాలనుకునేవాళ్లు వెళ్లే చోటు. వాళ్లకి ఏరోజు కోసిన మాంసం ఆరోజు పనికిరాదట. చల్లగదిలో వారాల తరబడి వేలాడదీసి, పైన నల్లగా గట్టిపడ్డాక, ఆ పొర చెక్కేసి లోపలిది వాడతారు. అలా చేస్తే మెత్తగా, రుచిగా అవుతుందట. దానికోసం మా ఆయన కొట్టు వెనక కొత్తగా చల్లగది కట్టించాడు. ఈ ఒక్క బేరం కుదిరితే కొట్టు నిలబడుతుంది, లేదా షట్టరు దించి తాళం వేసుకోవడమే. ఆ మాట మా ఆయన రోజూ అన్నం ముందు అనేవాడు, తర్వాత అనేవాడు.

చివరికి హోటలు ఓనరు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, ముక్కాయన కథ విని మురిసిపోయాడు. మొదటి విడత సరుకు హోటలుకి చేరిన వారమే ఒక విందు పెడతాను, ఊళ్లో పెద్దవాళ్లందరినీ పిలుస్తాను, అందరి ముందూ పెద్దాయన వాసన చూసి ఆ మాట అనాలి, అప్పుడే మూతలు తీస్తాం అన్నాడు. మా బల్ల దగ్గర నాకు ఒళ్లు మండించిన తంతు అక్కడ టిక్కెట్టు పెట్టి చూసే ఆట అయిపోయింది.

విందుకి ముందు ఆదివారం కొట్టు మూసి ఉండగా మా వీధిలో కరెంటు పోయింది. ఎంతసేపు పోయిందో ఎవరికీ తెలీదు. సోమవారం తలుపు తీస్తే, హోటలు సరుకు వారాలుగా వేలాడుతున్న చల్లగది నేల తడిగా ఉంది. మా ఆయన మొహం పాలిపోయింది. పరిగెత్తుకుంటూ వెళ్లి తండ్రిని తీసుకొచ్చాడు. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను. మామయ్య ఒక్కో తొడ దగ్గరా వంగారు. అత్తయ్య ఎడమ పక్కన నిలబడింది, చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. అప్పటికే ఆవిడకి జలుబు పట్టింది, కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. మామయ్య చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. తర్వాత నిటారుగా లేచి "కానివ్వండి" అన్నారు. మా ఆయన గోడకి జారబడి పెద్దగా ఊపిరి వదిలాడు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టి నేను బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదకి వెళ్లాను. కిందికి వచ్చేసరికి మాడు వాసన మెట్ల దాకా కొడుతోంది, పొయ్యి మీంచి పొగ లేస్తోంది. అక్కడే బల్ల దగ్గర కూర్చుని మామయ్య తాపీగా కత్తికి పదును పెట్టుకుంటున్నారు. ఆయన వీపు పొయ్యి వైపు ఉంది. "మామయ్యా, పాలు!" అని అరిస్తే తల తిప్పి చూసి, "అయ్యో, చూసుకోలేదమ్మా" అన్నారు. చూడటం ఏమిటి, వాసన రాలేదా అని అడగబోయి మింగేశాను. ముక్కాయనని ఆ ప్రశ్న అడగడం చేపని ఈత వచ్చా అని అడగడంలా ఉంటుంది కదా అనుకున్నాను. కానీ ఆరోజు నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

విందు రోజు సాయంత్రం బయల్దేరేటప్పుడు మామయ్య సెంటు పూసుకున్నారు. పూసుకోవడం కాదు, సీసా సగం ఒంటి మీద ఒంపుకున్నారు. కారులో మా ఆయన మాట్లాడకుండా అద్దాలన్నీ దించాడు. వెనక సీట్లో మామయ్య పక్కన కూర్చున్న అత్తయ్యకి మాత్రం ఏమీ పట్టలేదు, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటూ బయటికి చూస్తోంది.

హోటల్లో అడుగుపెట్టగానే చలి. మాంసం కోసం కట్టిన చల్లగదిలో మనుషుల్ని కూర్చోబెట్టారేమో అనిపించింది. హాలంతా మసక. బల్లకో చిన్న దీపం, ఆ వెలుగు గడ్డాల దాకా వచ్చి ఆగిపోతోంది, కళ్లు కనబడవు. నల్లటి తోలు కుర్చీలు, చేతికి బరువుగా తగిలే కత్తులు. ఇరవై బల్లల దాకా ఉన్నాయి, అన్నీ నిండిపోయి ఉన్నాయి. మేం నడుస్తుంటే ఒక్కో బల్ల దగ్గరా గుసగుస. "అదిగో, ఆయనే." మామయ్య తల ఎత్తుకుని నడిచారు. ఆయన్ని అంత పొడుగ్గా నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన అయితే కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

వెయిటరు మా కుర్చీలు లాగాడు. మామయ్యకి నడుమ కుర్చీ. అత్తయ్యని ఎదురుగా కూర్చోబెట్టబోతే ఆవిడ ససేమిరా అంది. చలికి వణుకుతూనే చుట్టూ తిరిగి వచ్చి ఎడమ పక్కనే కూర్చుంది. నేను కుడి పక్కన. మా ఆయన ఎదురుగా.

తిండి సంగతి చెప్పాలంటే పైన పటారం, లోన లొటారం. స్నానానికి సరిపోయేంత వెడల్పు పళ్లెంలో నాలుగు చెంచాల సూపు, అదీ చల్లారిపోయింది. తర్వాత బ్రెడ్డు వచ్చింది. దాంతో గోడకి మేకు కొట్టొచ్చు. తర్వాత మూడు ఆకులు, వాటి మీద నూనె చుక్కలు. "ఇదేనా?" అన్నాను. "మెల్లగా మాట్లాడు, అసలుది ఇంకా రాలేదు" అన్నాడు మా ఆయన. "అసలుది మనదే కదా, ఇంట్లో వండుకుంటే ఈపాటికి తినేసి పడుకునేవాళ్లం" అన్నాను. అత్తయ్య నవ్వలేదు. ఆవిడ ముందున్న సూపు ముట్టుకోలేదు కూడా.

అప్పుడు ట్రాలీ వచ్చింది. వండబోయే మాంసాన్ని ముందు పచ్చిగా చూపించడం అక్కడి పద్ధతట. తెల్లటి గుడ్డ మీద మందపాటి ముక్కలు వరసగా పేర్చి, పక్కన ఆకు కొమ్మలు పెట్టి, వెయిటరు ఒక్కో బల్ల దగ్గరా ఆగి, ఇది ముక్కాయన కొట్టు సరుకు అని చెప్పుకుంటూ వస్తున్నాడు. మా బల్ల దగ్గరికి వచ్చి నా భుజం పక్కన ఆపాడు.

నాకు వాసన కొట్టింది.

అది పెద్ద కంపు కాదు. తడిగుడ్డని మూసిన గదిలో మర్చిపోతే వస్తుందే, ఆ వాసన. పుల్లగా, అడుగున కొంచెం తియ్యగా. మసక వెలుగులో చూస్తే ఎముక పక్కన కొవ్వు మీద జిగురు మెరుస్తోంది. నేను మా ఆయన వైపు చూశాను. అతని ముక్కుపుటాలు ఒక్క క్షణం ముడుచుకున్నాయి. తర్వాత తనకు తానే సర్దిచెప్పుకున్నట్టు, "నిలవేసిన మాంసం ఇలాగే ఉంటుంది. ఖరీదైన వాసన ఇది, మనకి అలవాటు లేదు" అన్నాడు. నిజమే కావచ్చు. ఖరీదైనవి చాలా వాటికి వాసన బాగోదు. జున్ను ముక్కకి ఇంత ధర పెట్టి కొని ముక్కు మూసుకుని తినేవాళ్లు లేరా?

మామయ్య చేయి చాచి ఒక ముక్కని తట్టారు, సొంత గుర్రాన్ని తట్టినట్టు. "మన చేతి సరుకు" అన్నారు. ఆ చేతిని తుడుచుకోకుండానే మీసం సవరించుకున్నారు.

వంటింటి తలుపు దగ్గర తెల్లకోటు వేసుకున్న షెఫ్ నిలబడి ఉన్నాడు. ట్రాలీని చూడటం లేదు. మామయ్య మొహాన్నే చూస్తున్నాడు, రెప్ప వెయ్యకుండా. మామయ్య మాంసాన్ని తట్టగానే బిగుసుకున్న అతని భుజాలు సడలాయి, లోపలికి వెళ్లిపోయాడు.

"అమ్మాయ్, చేతులు కడుక్కొద్దాం రా" అంది అత్తయ్య. ఆవిడ ఆయన పక్కనుంచి తనంతట తాను లేవడం అదే మొదటిసారి.

బాత్రూములో అద్దాల ముందు ఎవరూ లేరు. అత్తయ్య కొళాయి తిప్పింది, నీళ్ల చప్పుడు పెరిగేదాకా ఆగింది. నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి.

"నీకు వాసన వచ్చిందా?"

"ఏ వాసన అత్తయ్యా?"

"నాతో ఆటలొద్దు. ఆ బండి వచ్చినప్పుడు నీ మొహం చూశాను. వచ్చిందా, లేదా?"

"వచ్చింది. ఏదోలా ఉంది. మీ అబ్బాయి అది ఖరీదైన వాసన అంటున్నాడు."

అత్తయ్య కళ్లు మూసుకుంది. మూసుకునే చెప్పింది. "ఆయనకి ముక్కు పోయి చాలా ఏళ్లయింది. ఓసారి పెద్ద జ్వరం వచ్చింది చూడు, నువ్వు ఇంకా మా ఇంటికి రాకముందు. అప్పుడు పోయింది, మళ్లీ రాలేదు. మల్లెపూలు పెట్టుకుంటే తెలియలేదు, కిరోసిన్ ఒలికితే తెలియలేదు. ఒకరోజు పాడైన తొడ ముందు వంగి, కానివ్వండి అనబోయారు. నాకు వాసన తెలుస్తోంది, అందరూ చూస్తున్నారు, ఏం చెప్పను? గొంతు సవరించుకున్నాను. ఆయన ఆగారు. పనికిరాదు అన్నారు. అంతే. అప్పట్నుంచి అదే."

ఆ పొడి దగ్గు, ఆ ఎడమ కుర్చీ, ఆవిడని నేను చేసిన వేళాకోళం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "అయితే మామయ్యా మీరూ కలిసి…"

"కలిసి ఏమీ లేదు. దాని గురించి మేమిద్దరం ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. నేను సవరించుకుంటే వద్దంటారు, ఊరుకుంటే కానివ్వమంటారు. అది నా గొంతుని బట్టి అని ఆయనకి తెలుసో, తన ముక్కు ఇంకా పనిచేస్తోందనే అనుకుంటున్నారో నాకు తెలీదు. అడిగే ధైర్యం నాకెప్పుడూ లేదు." రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "ఈ వారం నాకే ముక్కు లేదు. సోమవారం చల్లగదిలో ఆయన పక్కన నిలబడ్డాను, ఒక్క వాసనా తెలియలేదు. జలుబుతో గొంతులో గరగర. సవరించుకుంటే బేరం పోతుంది, బాగున్న సరుకేమో అనుకున్నాను. బిగబట్టుకుని ఊరుకున్నాను. ఊరుకుంటే బాగుందని ఆయన లెక్క."

అంటే ఆ మాంసాన్ని ఎవరూ వాసన చూడలేదు. ఊరు ఊరంతా ఒక ముక్కుని నమ్ముకుంది, ఆ ముక్కు ఇంకో ముక్కుని నమ్ముకుంది, దానికి పడిశం పట్టింది. నాకు నిజంగా భయం వేసింది. బయట హాల్లో ఎంతమంది ఉన్నారో గుర్తొచ్చింది. తలుపు పక్క బల్ల దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టిన చిన్న పాప గుర్తొచ్చింది.

"పదండి, వెళ్లి చెప్పేద్దాం" అన్నాను.

"అందరి ముందా? ఆయన మొహం మీదా?" అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. "ఆయన బతకరు అమ్మాయ్. ఆయనకి ఉన్నది ఆ పేరొక్కటే."

"బతకాల్సింది ఆయనొక్కరేనా అత్తయ్యా?" గట్టిగానే అన్నాను. ఆవిడ కొళాయి కట్టేసింది. చాలాసేపు అద్దంలో తన మొహం తనే చూసుకుంది.

"అయితే నువ్వు సవరించు" అంది చివరికి. "నా ముక్కు లేదు, నీది ఉంది. ఆయన వంగినప్పుడు ఒక్కసారి గొంతు సవరించు చాలు. ఎవరికీ తెలియదు. పనికిరాదు అంటారు, తీసేస్తారు. ఆయన పేరూ నిలుస్తుంది."

మేం తిరిగి వచ్చేసరికి పళ్లేలు వచ్చేశాయి. ప్రతి మనిషి ముందూ ఒక పళ్లెం, దాని మీద గిన్నెలాంటి వెండి మూత. దీపాలు ఇంకా తగ్గించారు. ప్రతి కుర్చీ వెనకా ఒక వెయిటరు, మూత పిడి మీద చెయ్యేసి నిలబడ్డాడు. మా ఆయన నన్ను చూసి నవ్వాడు. పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదు ఆ మొహంలో.

ఓనరు హాలు మధ్యకి వచ్చి మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నాకు సగం వినపడలేదు. ముక్కాయన, నమ్మకం, మన ఊరి గర్వం. జనం చప్పట్లు కొట్టారు. "ఇక పెద్దాయన మాట కోసం ఎదురుచూద్దాం" అని చెయ్యి చాపాడు. మామయ్య లేచి నిలబడ్డారు. వెయిటరు ఆయన పళ్లెం మూత ఒక్కటే తీశాడు.

వేయించిన మాంసం, మిరియాలు, వెన్న. వాటి అడుగున అదే. తడిగుడ్డ. మూసిన గది. ఈసారి ఖరీదైన వాసన అని అనుకోవడానికి నాకు వీల్లేకపోయింది.

మామయ్య వంగారు. ఇన్నేళ్లలో వందలసార్లు చూశాను ఆ వంగడం. ఎప్పుడూ ఆయన ముక్కునే చూశాను. ఆరోజు మొదటిసారి చెవి చూశాను. తల కొద్దిగా ఎడమకి వాల్చి ఉంది. ఊపిరి తీసుకోవడం లేదు. ఆయన వాసన చూడటం లేదు, వింటున్నారు.

అత్తయ్య తలవంచుకుని కూర్చుంది.

నేను గొంతు సవరించుకున్నాను.

మామయ్య ఉలిక్కిపడ్డారు. తల కుడికి తిప్పి నన్ను చూశారు, తర్వాత ఎడమకి తిప్పి అత్తయ్యని చూశారు. అత్తయ్య తల ఎత్తింది. ఇన్నేళ్లూ మాట్లాడుకోని మాటలన్నీ ఆ చూపులో ఒకేసారి మాట్లాడేసుకున్నారేమో అనిపించింది. ఇంకోసారి సవరించుకున్నాను, గట్టిగా. పక్క బల్ల ఆవిడ నాకు మంచినీళ్ల గ్లాసు అందించింది.

పనికిరాదు అంటారు, ఇప్పుడు అంటారు అనుకున్నాను. ఆ ఒక్క మాటే కదా. ఎన్ని ట్రక్కుల్ని వెనక్కి పంపలేదు ఆ మాటతో!

మామయ్య నిటారుగా నిలబడ్డారు. హాలుని చూశారు, ఓనరుని చూశారు, చివరికి ఎదురుగా చేతులు జోడించినట్టు కూర్చున్న కొడుకుని చూశారు.

"కానివ్వండి" అన్నారు.

మూతలన్నీ ఒక్కసారి లేచాయి. పొగలు లేచాయి. చప్పట్లు, నవ్వులు, కత్తుల చప్పుడు. మా ఆయన అప్పుడే ముక్క కోసి ఫోర్కుకి గుచ్చాడు. నేను బల్ల మీదుగా వంగి అతని చెయ్యి పట్టుకున్నాను. "ఏమైంది నీకు?" అన్నాడు కోపంగా. నా కళ్లు తలుపు పక్క బల్ల మీదున్నాయి. అక్కడ తల్లి చిన్న ముక్క కోసి పాప నోట్లో పెట్టడానికి ఊదుతోంది. అరవబోయాను.

నాకంటే ముందు మామయ్య ఎడమ పక్క కుర్చీ ధన్‌మని వెనక్కి పడింది.

"తినకండి!" అంది అత్తయ్య. జలుబుతో బొంగురుపోయిన గొంతు, అయినా హాలు చివరిదాకా వెళ్లింది. "ఎవరూ తినకండి! అది పాడైపోయింది!"

ఫోర్కులు ఆగిపోయాయి. పాప తల్లి ముక్కని పళ్లెంలోకి జారవిడిచింది. ఓనరు నవ్వుతున్న నోరు నవ్వుతున్నట్టే ఉంది. కొట్లో ఇన్నేళ్లూ తూకం వెయ్యడం తప్ప నోరెత్తి ఎరగని మనిషి, రెండు చేతులూ బల్లకి ఆనించి నిలబడింది.

మామయ్య గిరుక్కున తిరిగారు. మొహం జేవురించింది.

"నీకేం తెలుసే?" అని అరిచారు. "నీకు ఈ వారమంతా జలుబు కదా!"

అన్నాక ఆయనకే వినబడింది.

హాల్లో మొదట అర్థమైంది మా ఆయనకే. ఫోర్కు కిందపెట్టాడు. తండ్రి ముక్కుకేసి చూశాడు, తర్వాత తల్లి ఎర్రబడ్డ ముక్కుకేసి చూశాడు. చిన్నపిల్లాడి మొహం పెట్టి, "నాన్నా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "నాన్నా, సోమవారం కూడా అమ్మకి జలుబు కదా?" అన్నాడు.

మామయ్య బల్ల మీది కత్తి అందుకున్నారు.

వంటింటి తలుపులోంచి షెఫ్ వచ్చాడు. పక్క బల్ల మీది పళ్లెం ఎత్తి వాసన చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. "నాకు పొద్దున్నే అనుమానం వచ్చింది సార్" అన్నాడు ఓనరుతో, ఏడుపు గొంతుతో. "కానీ పెద్దాయన చూసిన సరుకు కదా, నా ముక్కే సరిగ్గా లేదేమో అనుకున్నాను. ఇందాక ఆయన చేత్తో తట్టారు కూడా." చుట్టూ ఉన్న మనుషులు ఒక్కొక్కరే పళ్లేలు దూరంగా జరిపారు. నాకూ వచ్చింది ఆ వాసన, నాకూ వచ్చింది అని గొణుగుళ్లు మొదలయ్యాయి. అందరికీ వచ్చిందట. ఒక్కరూ నోరు విప్పలేదు.

వెయిటర్లు పళ్లేలు తీసేస్తున్నారు. మా ఆయనది తీశారు, నాది తీశారు. మామయ్య పళ్లెం మీద ఒకడు చెయ్యి వెయ్యబోతే ఆయన కత్తి పట్టుకున్న చేత్తోనే ఆపారు. కుర్చీలో కూర్చున్నారు. ముక్క కోశారు. నలభై ఏళ్లు కోసిన చెయ్యి, తొణకలేదు. నోట్లో పెట్టుకున్నారు.

"నాన్నా, వద్దు" అంటూ మా ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి పళ్లెం లాగబోయాడు. ఆయన వదల్లేదు. నమిలారు, మింగారు, ఇంకో ముక్క కోశారు. హాలంతా మమ్మల్నే చూస్తోంది. ఆయన కళ్లు ఎవర్నీ చూడటం లేదు. నోట్లో ఉన్నదాంట్లో ఏదో వెతుక్కుంటున్నట్టు, నెమ్మదిగా, శ్రద్ధగా నములుతున్నారు.

"బాగానే ఉంది" అన్నారు.

అత్తయ్య పడిపోయిన కుర్చీని లేవనెత్తింది. ఆయన ఎడమ పక్కనే వేసుకుని కూర్చుంది. చెవికి దగ్గరగా వంగి గొంతు సవరించుకుంది. కాసేపు ఆగి మళ్లీ సవరించుకుంది.

మామయ్య మూడో ముక్క కోశారు.